పేర్లు లేని రాళ్లు

మా కొండ మీద సమాధులకు పేర్లుండవు. పేర్లు చెక్కించే స్తోమత మావాళ్లకు ఏనాడూ లేదు. మనిషి పోతే ఆ కొండ మీదే ఓ రాయి వెతికి తల దగ్గర పాతేవాళ్లు. కింద ఎవరున్నారో మాకు తెలిస్తే చాలు. ఏటా మే నెల చివర పూల ఆదివారం నాడు అందరం కొండెక్కి, గడ్డి కోసి, పూలు పెడతాం. ఇంటి పెద్ద ఎవరో ఒకరు ఒక్కో రాయి దగ్గరా ఆగి పేరు చెబుతారు. "ఇది హైరమ్ తాత. ఇది ఆయన రెండో పెళ్లాం మాటీ. నోరు మంచిది కాదు గానీ చెయ్యి మంచిది." ఇలా. మా అత్త చెబితే నేను విన్నాను. ఆవిడ పోయాక నేను చెబుతున్నాను.

నేను విక్‌లైన్ వాళ్ల కోడలిని, వెల్డాని. వెస్ట్ వర్జీనియా మొత్తం మీద ఇంతకన్నా చిన్న స్మశానం ఉందో లేదో నాకు తెలియదు. ఆవులు రాకుండా చుట్టూ తీగ కంచె, లోపల పన్నెండు రాళ్లు. పన్నెండోది కింది మూలన, అడవి చెర్రీ చెట్టు పక్కన ఉంటుంది. మోకాలెత్తు కూడా ఉండదు. బూడిదరంగు రాయి, మధ్యలో అడ్డంగా ఓ తెల్లటి చార. అది నా కొడుకుది.

పెద్ద మంచు కురిసిన ఏడు జనవరిలో పుట్టాడు వాడు. ఊపిరి లేకుండానే పుట్టాడు. నేను ఒళ్లు తెలియని జ్వరంతో ఆసుపత్రిలో పడి ఉంటే మా ఆయన ఓకీ ఒక్కడే అన్నీ చూసుకున్నాడు. నాకు తెలివొచ్చాక, "నాన్నమ్మ పక్కన పెట్టాను" అన్నాడు. అంతకుమించి నేనేమీ అడగలేదు. మంచు కరిగాక మే నెలలో కాళ్లీడ్చుకుంటూ కొండెక్కి రాయి చూసుకున్నాను. ఆసా అని పేరు పెట్టుకున్నాను. ఆ తర్వాత మాకు పిల్లలు కలగలేదు.

ప్రతి ఏడూ వాడికి పూలు నేనే చేస్తాను. ముడతల కాగితం రేకులుగా కత్తిరించి, సన్న తీగకు చుట్టి, కరిగించిన మైనంలో ముంచి తీస్తే వానకు పాడవ్వవు. నేను పువ్వు పెట్టి ఏడుస్తుంటే ఓకీ నా పక్కన టోపీ తీసి నిలబడేవాడు. ముప్ఫై ఎనిమిదేళ్లు అలాగే నిలబడ్డాడు.

అలాంటి చోట మీదుగా గ్యాసు పైపు వేస్తామని ఓ రోజు కంపెనీ మనిషి వచ్చాడు. ప్రెస్టన్ అట పేరు. ఇస్త్రీ చొక్కా, బురద అంటని బూట్లు. ఇంటికొచ్చినవాడు కదా అని కాఫీ పోశాను. మ్యాపు తీసి నా వంటింటి బల్ల మీద పరిచాడు. కొండ నెత్తి నుంచి కిందిదాకా ఎర్ర గీత. అది సరిగ్గా మా స్మశానం మీదుగా పోయింది.

"ఇక్కడ సమాధులున్నాయయ్యా," అన్నాను.

"రికార్డుల్లో లేవమ్మా."

"రికార్డుల్లో లేవు. కొండ మీద ఉన్నాయి."

"రాళ్లున్నాయని మావాళ్లు చెప్పారు. పొలంలో రాళ్లుండటం మామూలే కదమ్మా."

ఒళ్లు మండిపోయింది నాకు. కాఫీ పోసిన పాపానికి తాగేదాకా ఊరుకున్నాను. కప్పు కింద పెట్టగానే లేచి వెళ్లి తలుపు తీసి పట్టుకున్నాను. మ్యాపు మడుచుకోవడానికి కూడా టైమివ్వలేదు.

మా లోయలో పైపు వద్దన్న జనాన్ని ఒక్కచోట చేర్చింది టెన్నీ. జీవితమంతా స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. వెనక సీట్లో పిల్లాడు తోక జాడిస్తే ముందు నుంచే కూర్చోబెట్టిన గొంతు అది. ఇంటింటికీ తిరిగి "పైపు వద్దు" బోర్డులు పాతించింది. ఫైర్ స్టేషన్ హాల్లో బీన్సు, మొక్కజొన్న రొట్టె వండి అమ్మి లాయరు ఖర్చులు పోగుచేసింది. మూడేళ్లు ఆవిడ వెనకాలే తిరిగాను నేను. లోయలో కొందరికి నీటి ఊటల బెంగ, కొందరికి గడ్డి పొలాల బెంగ. నాకు ఆ కింది మూల బెంగ. రాత్రీ పగలూ అదే ధ్యాస. పైపు కోసం రోడ్డంత వెడల్పున చెట్లు నరికి, ఇంత లోతున గొయ్యి తవ్వుతారట. ఆ గొయ్యి యంత్రం నా బిడ్డ మీదికి రావడం తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు.

చివరికి ప్రభుత్వం వాళ్లు విచారణ పెట్టారు. సమాధులెన్నో ప్రమాణం చేసి చెప్పాలన్నారు. విక్‌లైన్ వాళ్ల తరఫున నేను చెప్పాలని టెన్నీ తేల్చేసింది. ఓకీ నలుగురిలో నోరెత్తే రకం కాదు మరి.

"పన్నెండని చెబుతాను," అన్నాను పికప్ ఎక్కుతూ.

"పంతొమ్మిది," అన్నాడు ఓకీ, తాళం తిప్పుతూ.

"ఏంటీ?"

"కంచె అవతల, కింద గడ్డిలో ఇంకో ఏడున్నాయి. కప్పడిపోయాయి. మొన్న కంచె బాగుచేస్తుంటే కనిపించాయి."

"మీ అమ్మ ఎప్పుడూ చెప్పలేదే?"

"మా అమ్మకి అన్నీ తెలుసా ఏంటి? నా చిన్నప్పుడు తాత చూపించాడు."

మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. పెళ్లైనప్పటినుంచీ నాతో ఒక్క అబద్ధం ఆడి ఎరగడని నా నమ్మకం. అందరి ముందూ చెయ్యెత్తి పంతొమ్మిదని ప్రమాణం చేశాను. ప్రెస్టన్ ముఖం మాడిపోయింది. అంత పెద్ద స్మశానమైతే పక్కకు తప్పించక చస్తారా అని హాలంతా ఒకటే సంబరం. టెన్నీ నన్ను కావలించుకుని, "నువ్వు చదువుకుని ఉంటే జడ్జివయ్యేదానివే" అంది.

మర్నాడు వెళ్లి చూశాను. గడ్డిలో ఏడు రాళ్లు, మా పద్ధతి ప్రకారం కింద మనిషి కాళ్లు తూర్పుకి వచ్చేలాగే పాతి ఉన్నాయి. ఇన్నేళ్లూ వీళ్లకి ఒక్క పువ్వు పెట్టలేదే, ఎవరి తల్లులో, ఎవరి పిల్లలో అని సిగ్గేసింది. ఇంటికొచ్చి ఇంకో ఏడు పూలు చేశాను.

పూల ఆదివారం నాడు ప్రభుత్వం పంపిన ఆవిడ వచ్చింది. గ్రేటా లోవెల్. పాత సమాధులు చూసి తేల్చడం ఆవిడ ఉద్యోగం. చిన్నదే, నలభై ఉంటాయేమో, మర్యాద తెలిసిన మనిషి. కంచె గేటు దగ్గర ఆగి, "లోపలికి రావచ్చా?" అని అడిగి మరీ వచ్చింది. వెనకే ప్రెస్టన్ కూడా వచ్చాడు. చెట్టు కింద దుప్పట్లు పరిచి ఉన్నాయి. వేయించిన కోడి, ఉడికించిన గుడ్లు, పొరల కేకు. గ్రేటాకి ప్లేటు పెట్టాను. ప్రెస్టన్‌కీ పెట్టాను, ఏం చేస్తాం, పెట్టాలి కదా.

నేను రాళ్ల దగ్గర పేర్లు చెబుతుంటే గ్రేటా శ్రద్ధగా వింది. కంచె దాటి కిందికి వెళ్లాం. "వీళ్ల పేర్లు మాకు తెలియవు, పోయాయి" అని నేనంటున్నాను. ఆవిడ మొదటి రాయి దగ్గర కూచుని రెండు చేతులతో కాస్త కదిపింది. అది తేలిగ్గా పక్కకి ఒరిగిపోయింది.

రాయి కింద గడ్డి ఉంది. పాలిపోయి తెల్లగా ఉంది గానీ బతికే ఉంది. మూడాకుల పిలకలు కూడా ఉన్నాయి. చూసినవాళ్లలో చిన్నప్పటినుంచీ గడ్డి కోయనివాళ్లు ఎవరూ లేరు. ఏప్రిల్లో బకెట్టో పలకో పచ్చిక మీద మరిచిపోయి మేలో తీస్తే కింద గడ్డి ఎలా ఉంటుందో అందరికీ తెలుసు.

గ్రేటా రెండోది తీసింది. మూడోదీ తీసింది. మిగతావి తీయలేదు. ప్రెస్టన్ ఫోను తీసి ఫొటోలు తీసుకున్నాడు. వాడు ఏమీ అనలేదు. ఏదో ఒకటి అనుంటే తిట్టి పోసేదాన్ని, కాస్త ఊపిరాడేది నాకు.

"ఎవరి పని ఇది?" అంది టెన్నీ, బస్సులో అడిగినట్టే.

ఓకీ టోపీ తీశాడు. "నాదే."

నాకు తల తీసేసినట్టయింది. చేతిలో ఆ ఏడు పూలూ ఇంకా అలాగే ఉన్నాయి. ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

టెన్నీ మా పికప్ దాకా వచ్చింది. నాతో కాదు, ఓకీతో మాట్లాడింది. "మూడేళ్లు రొట్టెలు కాల్చీ కాల్చీ నా చేతులు బొబ్బలెక్కాయిరా. ఒక్క పూటలో అందరినీ ముంచావు. ఇక నిజమైన సమాధి చూపించినా మన మాట ఎవడు నమ్ముతాడు?" ఆవిడ అన్నదే అయింది. పేపర్లో తెల్లగడ్డి ఫొటో పడింది. దొంగ సమాధుల ఊరని రాశారు. రోడ్డు పక్క బోర్డులు ఒక్కొక్కటే మాయమయ్యాయి. చర్చిలో మా బెంచీ మీద మేమిద్దరమే కూచునేవాళ్లం.

ఓకీకి వంట చేసి పెట్టాను. మాట్లాడలేదు. నాతో బొంకించాడు, అందరి ముందూ నన్ను దొంగదాన్ని చేశాడు అని కడుపు రగిలిపోయేది. ఎందుకు చేశావని అడిగితే, "తప్పైపోయింది" అనేవాడు. అంతకుమించి నోరు విప్పేవాడు కాదు.

రెండు వారాల తర్వాత గ్రేటా ఒక్కతే వచ్చింది. వరండాలో కూచోబెట్టి చల్లటి టీ ఇచ్చాను.

"కంచె లోపలివి నిజమైనవేనని నాకు తెలుసమ్మా," అంది. "కానీ నాకు తెలిస్తే సరిపోదు. కంపెనీ వాళ్లు అన్నీ ఒకటే, అన్నీ దొంగవే అంటున్నారు. ఒక్కటి తెరిచి చూపిస్తే చాలు, కంచె లోపలంతా స్మశానమని నేను రాసేస్తాను. పైపు పక్కకి జరగాల్సిందే."

"హైరమ్ తాతది తెరుస్తావా?"

"ఈ మట్టిలో నూరేళ్ల నాటివాళ్లు మిగలరమ్మా. నల్లటి మరక తప్ప ఏముండదు. అది మన్నే అంటారు వాళ్లు. పైగా దగ్గరి బంధువులంతా ఒప్పుకోవాలి. ఒహాయోలో ఉన్న మీవాళ్లు తాతని తవ్వితే ఊరుకోమన్నారు." గ్లాసు కింద పెట్టింది. "మిగిలే అవకాశమున్నది ఒక్కటే. అన్నిటికన్నా కొత్తది. దానికి మీ ఇద్దరి మాట చాలు."

ఆ మూల మన్ను కదలకూడదనే కదా మూడేళ్లు ఊరూరా తిరిగాను. ఇప్పుడు నా నోటితోనే నా బిడ్డని తవ్వమనాలా అని ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఆ పిల్ల ఓదార్చడానికి రాలేదు, కదలకుండా కూచుంది. అందుకు మెచ్చుకున్నాను. తర్వాత హైరమ్ తాత, మాటీ, మా అత్తగారి అత్త, వాళ్లంతా గుర్తొచ్చారు. వాళ్ల తరఫున మాట్లాడే దిక్కు ఇప్పుడు ఆ పసివాడొక్కడే.

"పెద్ద పారలు వాడతావా?" అన్నాను.

"లేదమ్మా. చిన్న తాపీ, బ్రష్షు. నేనే చేస్తాను. చూసి మళ్లీ అలాగే కప్పేస్తాను."

"నేను పక్కనే ఉంటాను."

"తప్పకుండా. మరి ఆయన..."

"ఆయన్ని ఒప్పించడం నా పని. నువ్వు టీ తాగు."

ఓకీ గడ్డివామి కొట్టంలో ఉన్నాడు. గడ్డి కోత బ్లేడుకి ఆకురాయి పెడుతున్నాడు. ఎండ పలకల సందుల్లోంచి పడుతోంది. రెండు వారాల తర్వాత మొదటిసారి సరిగ్గా మాట్లాడాను. గ్రేటా చెప్పిందంతా చెప్పాను. ఆసాని చూస్తుందట, మళ్లీ కప్పేస్తుందట, నేను సరేనన్నాను అన్నాను.

"వద్దు," అన్నాడు.

"నీకేనా బాధ? నాకు లేదా? నువ్వు పాడు చేసిందే ఇదంతా. దీంతో సరిదిద్దొచ్చు."

"వద్దు వెల్డా."

"ఏం, ఎందుకొద్దు? పెట్టె దేంతో చేశావు? చెర్రీ చెక్కా? మేకులైనా మిగిలుంటాయి కదా?"

ఓకీ ఆకురాయి కింద పెట్టాడు. తల ఎత్తలేదు.

"పెట్టె లేదు," అన్నాడు.

"అంటే?"

"వాడు అక్కడ లేడు."

అతను నెమ్మదిగా చెప్పాడు, ఒక్కో మాటా పీకి తీస్తున్నట్టు. "మంచు నడుంలోతు ఉంది. కొండ ఎక్కడం కుదర్లేదు. ఇంటి దగ్గరే గునపం వేసి చూస్తే నేల టంగుమంది. నువ్వు బతుకుతావో లేదో తెలీదు. ఆసుపత్రిలో ఒకావిడ, మేం చూసుకుంటాం బాబూ అంది. నేను తలూపాను."

"ఎక్కడ పెట్టారు?"

"అడగలేదు."

"అడగలేదా?"

"అప్పుడు అడగలేదు. తర్వాత వెళ్లి అడిగితే ఎవరికీ తెలీదన్నారు. వసంతంలో నువ్వు కొండెక్కుతానన్నావు. ముందురోజు వాగులోంచి రాయి తెచ్చి పెట్టాను. మెల్లగా చెబుదామనుకున్నాను. నువ్వు ఆ రాయిని పట్టుకుని ఏడ్చావు. ఇక నోరు రాలేదు."

ముప్ఫై ఎనిమిదేళ్ల మైనం పూలు. పక్కన టోపీ తీసి నిలబడ్డ మనిషి. దాణా బస్తా మీద కూలబడ్డాను.

"అందుకేనా," అన్నాను. "రాయి పెడితే సమాధి అయిపోతుందని నీకు బాగా తెలుసు కాబట్టేనా ఆ ఏడు రాళ్లూ పెట్టావు?"

"ఆ మూల కూడా పోతే నీకు ఎక్కడా ఏమీ మిగలదని పెట్టాను."

చేతికందిన బకెట్టు విసిరాను. గోడకి తగిలి పడింది. ఓకీ తప్పుకోలేదు. "నువ్వు అక్కడ ఏడుస్తుంటే వాడు అక్కడే ఉన్నాడని నాకూ అనిపించేది వెల్డా," అన్నాడు. ఆ మాటకు చంపేయాలన్నంత కోపమూ వచ్చింది, జాలీ వేసింది. ఆ మనిషి ముఖం చూడలేక బయటికొచ్చేశాను.

వరండాలో గ్రేటా లేచి నిలబడింది. నిజం చెప్పేద్దామనే అనుకున్నాను. చెబితే కంచె లోపల కూడా దొంగరాయి ఉందని తేలుతుంది, మిగతా పదకొండు మందికీ దిక్కు లేకుండా పోతుంది. చెప్పకపోయినా వాళ్లకి దిక్కు లేదు, అది కూడా నాకు తెలుసు. అసలు సంగతి అది కాదు. నా కొడుకు అక్కడ లేడు అనే మాట నా నోట్లోంచి రాలేదు.

"ఆయన ఒప్పుకోలేదా?" అంది గ్రేటా.

"నేనే ఒప్పుకోను. మా వాడిని ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు."

"ఇప్పుడే కదమ్మా..."

"ఇప్పుడు వద్దంటున్నాను. వెళ్లిరామ్మా."

సాయంత్రం టెన్నీ ఫోన్ చేసింది. "ఒసేయ్ వెల్డా, విన్నది నిజమేనా? ఒక్క రాయి తెరిస్తే కొండంతా నిలిచేది కదే. నీ ఒక్క కొడుకు కోసం మిగతావాళ్లందర్నీ యంత్రం కిందికి తోశావా?"

"అవునే," అన్నాను.

టెన్నీ ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఏడాది పాటు నాతో మాట్లాడలేదు.

ఆకులు రాలే కాలానికి రంపాలొచ్చాయి. మొదటి రోజే చెర్రీ చెట్టు పడింది. కంపెనీవాళ్లు పెద్ద మనసు చూపించామనిపించుకోవాలని పంతొమ్మిది రాళ్లూ ఊడబెరికి, లారీలో వేసి, కింద చర్చి ముందు పచ్చికలో వరసగా పాతించారు. ప్రెస్టన్ పాస్టరు గారితో ఫొటో దిగాడు. రాళ్ల కింద తవ్వి చూడలేదు, ఏమీ లేదని ఎప్పుడో తేలిపోయింది కదా. తర్వాత గొయ్యి యంత్రం వచ్చింది. వంటింటి కిటికీలోంచి కనబడేది. ఆ మన్నులో ఏమొచ్చిందో, ఎవరొచ్చారో ఎవరూ చూడలేదు. పైపు దించి, పూడ్చి, పైన గడ్డి విత్తనాలు చల్లి వెళ్లిపోయారు.

మళ్లీ పూల ఆదివారం వచ్చింది. కొండెక్కే పని లేదు కాబట్టి అందరం చర్చి ముందే చేరాం. పేర్లు నేను చెప్పనన్నాను, ఆ పని టెన్నీ తీసుకుంది. లారీలో కలిసిపోయాయి కదా, ఏ రాయి ఎవరిదో ఎవరికీ తెలియలేదు. "ఇది హైరమ్ తాత. కాకపోతే మాటీ," అంటూ వెళ్లింది. ఓకీ గడ్డిలో పెట్టిన ఏడు రాళ్లూ వాటిలోనే ఉన్నాయి. జనం వాటి ముందు కూడా పూలు పెట్టారు. ఆ వరసలో ఏ రాయి కిందా ఎవరూ లేరు. ఇన్నేళ్లూ నాది ఒక్కటే అలా ఉండేది.

తెల్ల చార ఉన్న రాయిని మాత్రం అందరూ గుర్తుపట్టారు. టెన్నీ దాని దగ్గర ఆగింది. నా వైపు చూడలేదు. బస్సు గొంతుతో అందరికీ వినబడేలా చెప్పింది.

"ఇది ఆసా విక్‌లైన్. వెల్డా కొడుకు. వీడి మన్ను ముట్టుకోనివ్వలేదు వాళ్లమ్మ."

ఎత్తిపొడుపో, మెచ్చుకోలో నాకు తెలియలేదు. ఇక మీదట ప్రతి ఏడూ ఇదే చెబుతారు. నేను పోయాక కూడా చెబుతారు.

నా పక్కన ఓకీ అలవాటుగా టోపీ తీశాడు.

"టోపీ పెట్టుకో," అన్నాను, అతనికి ఒక్కడికే వినబడేలా.

పెట్టుకున్నాడు. నేను వంగి పువ్వు పెట్టాను.